లైట్లు వెలిగించే ముందు: స్టూడియో భద్రతపై మీ ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే విషయం అడిగాయి. స్టూడియోలో ఎవరికీ దెబ్బ తగలకుండా షూట్ ఎలా నడపాలి అని. అందుకే లెన్సులు, ఎడిటింగ్ ప్రశ్నలు వచ్చేసారికి ఉంచి, ఈ పేజీలన్నీ దీనికే ఇస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, ఏడాది కిందట చిన్న స్టూడియో మొదలుపెట్టాను. మొదటిసారి ఒక కంపెనీ పని వచ్చింది. ఇద్దరు మోడల్స్, మేకప్ వాళ్లు, కంపెనీ మనుషులు, మేము, అందరం కలిపి పదకొండు మందిమి ఉంటాం. షూట్‌కి ముందు రిస్క్ అసెస్‌మెంట్ (ఏ ప్రమాదాలు ఉండొచ్చో, వాటికి ఏం చేస్తామో చెప్పే కాగితం) రాసి పంపమన్నారు. నెట్‌లో ఒక నమూనా దొరికింది. అందులో మా పేరు పెట్టి పంపేస్తే సరిపోతుందా? ఇంత చిన్న గదికి అసలు అది కావాలా?

జవాబు: పంపితే తీసుకుని ఫైల్లో పెట్టుకుంటారు, బహుశా ఎవరూ తెరిచి కూడా చూడరు. అయినా ఆ పని చేయకండి. ఆ నమూనా రాసినవాళ్లకి మీ గది తెలియదు, మీ తలుపు ఎటు తెరుచుకుంటుందో తెలియదు, ఆ రోజు మీరు ఏ లైటు ఎవరి తల మీదకి వేలాడదీస్తారో అంతకన్నా తెలియదు. ఇక గది చిన్నదంటారా, చిన్న గదిలో పదకొండు మంది అంటేనే నాకు ఎక్కువ భయం, ఎందుకంటే స్టాండ్ ఒరిగితే పక్కకి తప్పుకోవడానికి కూడా చోటుండదు.

నా స్టూడియోలో జరిగింది చెప్తాను. ఆ రోజు కాగితం ఉంది, నేనే రాశాను. స్టాండ్లకి ఇసుక సంచులు వేయాలని అందులో ఉంది, పొద్దున వేశాం కూడా. మోడల్ నిలబడి ఉంటే పైనుంచి బూమ్ (స్టాండ్ నుంచి అడ్డంగా చాచే రాడ్) మీద పెద్ద సాఫ్ట్‌బాక్స్ (వెలుగుని మెత్తబరిచే గుడ్డ పెట్టె) పెట్టాం. మధ్యాహ్నం క్లయింట్ వాళ్లు మోడల్‌ని కూర్చోబెట్టి కూడా తీద్దాం, జుట్టు కొంచెం ఎగిరితే బాగుంటుంది అన్నారు. సరేనని బూమ్ పక్కకి తిప్పాం, ఫ్యాన్ తెచ్చి పెట్టాం. బూమ్ తిరగ్గానే బరువు ఇంకో వైపుకి వెళ్లింది, సంచి మాత్రం పాత కాలు మీదే ఉండిపోయింది, ఫ్యాన్ గాలికి సాఫ్ట్‌బాక్స్ తెరచాపలా ఉబ్బి స్టాండ్‌ని లాగేసింది. ఒరుగుతున్న స్టాండ్‌కి మా అసిస్టెంట్ చెయ్యి అడ్డం పెట్టాడు. మోడల్‌కి ఏమీ కాలేదు, అతని మణికట్టు విరిగింది. రెండు నెలలు కెమెరా పట్టుకోలేకపోయాడు ఆ కుర్రాడు. నేను రాసిన కాగితం పొద్దున తొమ్మిదింటికి నిజం, మధ్యాహ్నం రెండింటికి నిజం కాదు, ఆ మధ్యలో దాన్ని ఎవరం మళ్లీ చూడలేదు. అందుకే రిస్క్ అసెస్‌మెంట్ గురించి ఎవరడిగినా నేను ముందుగా చెప్పేది ఒకటే, సెట్ మారిన ప్రతిసారీ మళ్లీ చూసుకోవాలి అని.

ఇప్పుడు రాసే పద్ధతి. ముందు రోజు గది ఖాళీగా ఉన్నప్పుడు వెళ్లండి. ఫోన్ పక్కన పెట్టి, ఆ గదిని మొదటిసారి చూస్తున్న మనిషిలాగా తలుపు దగ్గర్నుంచి నడవండి. మేకప్ టేబుల్ నుంచి సెట్ దాకా ఒకసారి, సెట్ నుంచి బట్టలు మార్చుకునే గదికి ఒకసారి, టాయిలెట్‌కి ఒకసారి. తర్వాత మోడల్ నిలబడే చోట నిలబడి పైకి చూడండి. తల మీద ఏముంది, అది దేనికి కట్టి ఉంది, ఆ కట్టు ఊడితే ఎక్కడ పడుతుంది? మోడల్ నేల మీద పడుకునే షాట్ ఉంటే మీరు కూడా ఒకసారి పడుకుని చూడండి. నిలబడినప్పుడు కనిపించనివి చాలా కనిపిస్తాయి.

కనిపించినవన్నీ ఒక కాగితం మీద రాయండి. ఏది దెబ్బ తగిలిస్తుంది, ఎవరికి, ఎలా, ఇప్పటికే ఏం చేశాం, ఇంకా ఏం చేయాలి, అది ఎవరు చేస్తారు, ఎప్పటిలోగా. అంతకుమించి ఏ ఫారమూ ఉండదు. 'ఎవరికి' అన్న చోట మాత్రం తొందరపడకండి. మోడల్, ఫోటోగ్రాఫర్ అని రాసి వదిలేస్తారు చాలామంది. గంటల తరబడి నిలబడి పనిచేసే మేకప్ ఆవిడ ఉంటుంది, ఎవరో ఒకరు పిల్లల్ని వెంట తెస్తారు, రాత్రి అందరూ వెళ్లాక గది ఊడ్చే మనిషి వస్తారు, వాళ్లకి ఏ లైటు ఇంకా వేడిగా ఉందో తెలియదు. వచ్చేవాళ్లలో గర్భిణులున్నారా, ఉబ్బసం ఉన్నవాళ్లున్నారా, సరిగ్గా వినబడనివాళ్లున్నారా అని ముందే మర్యాదగా అడిగి తెలుసుకోండి.

కొన్ని ఫారాల్లో అంకెలు వేయమంటారు. జరిగే అవకాశానికి 1 నుంచి 5, జరిగితే అయ్యే నష్టానికి 1 నుంచి 5, రెండూ గుణించి ఎక్కువ వచ్చినదాన్ని ముందు చూడమంటారు. వేయమంటే వేయండి, కానీ ఆ అంకెల్ని మరీ నమ్మకండి. తల మీద వేలాడే లైటు పడే అవకాశం 1 అనుకున్నా, నష్టం 5 అయితే మొత్తం 5 వస్తుంది. కేబుల్ తట్టుకుని తూలిపడటానికి 3 ఇంటూ 2, ఆరు వస్తుంది. ఆ లెక్క ప్రకారం కేబుల్ ముందు, లైటు తర్వాత. నేనైతే ప్రాణం పోయే వీలున్న ఏ వస్తువునైనా అంకె చూడకుండా ముందే సరిచేస్తాను.

సరిచేయడానికి కూడా ఒక వరస ఉంది. మొదట ఆ ప్రమాదమే లేకుండా చేయగలమా అని చూడాలి, కుదరకపోతే తక్కువ ప్రమాదం ఉన్నదానితో మార్చాలి, అదీ కుదరకపోతే మనిషికీ దానికీ మధ్య అడ్డం పెట్టాలి, హెచ్చరికలు, గ్లౌజులు చివరికి. ఉదాహరణకి నడిచే దారిలో కేబుల్ ఉందనుకోండి. దాన్ని గోడ వెంబడి తిప్పితే సమస్యే లేదు. కెమెరాని ఫ్లాష్‌తో కలిపే సింక్ కేబుల్ బదులు వైరు లేని రేడియో ట్రిగ్గర్ వాడితే ఒక వైరు తగ్గుతుంది. అడ్డంగా వేయక తప్పకపోతే పొడవునా గాఫర్ టేప్ (గట్టి గుడ్డ టేప్) అతికించాలి, లేదా కేబుల్ మ్యాట్ వేయాలి. 'చూసుకుని నడవండి' అనడం అన్నిటికన్నా ఆఖరు, ఎందుకంటే హీల్స్ వేసుకుని, ముఖం మీద లైటు పడుతూ, కెమెరా వైపు చూస్తూ వెనక్కి అడుగేసే మనిషి కింద చూడదు.

స్టాండ్ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. బరువు ఎటు వాలుతోందో ఒక కాలు సరిగ్గా అటే ఉండాలి. సీ-స్టాండ్ (మూడు కాళ్లు వేర్వేరు ఎత్తుల్లో ఉండే స్టాండ్) అయితే ఎత్తుగా ఉన్న కాలు బరువు కిందకి రావాలి, సంచి కూడా ఆ కాలు మీదే. సంచి బరువు స్టాండ్ మీద పడాలి, సంచి నేల మీద వాలిపోయి ఉంటే చూడటానికి ఉన్నట్టే ఉంటుంది కానీ ఏ పనీ చేయదు. బూమ్‌కి రెండో చివర ఎదురు బరువు ఉండాలి. స్టాండ్‌కి అడ్డంగా పెట్టే రాడ్‌ని పట్టి ఉంచే మరను బిగించేటప్పుడు, బరువు కిందకి లాగుతుంటే మర ఇంకా బిగుసుకునే వైపు అమర్చుకోవాలి, వదులయ్యే వైపు కాదు. తల మీద ఉండే ప్రతి లైటుకీ, దానికి తగిలించిన సామానుకీ విడిగా సేఫ్టీ వైరు కట్టండి. కంటి ఎత్తులో పొడుచుకొచ్చిన రాడ్ చివర టెన్నిస్ బంతికి కన్నం చేసి గుచ్చితే చాలు, కళ్లు దక్కుతాయి.

బ్యాక్‌డ్రాప్ పేపర్ రోల్ మామూలుగా 2.72 మీటర్ల వెడల్పు ఉంటుంది, దాన్ని ఒక్కరే ఎత్తి స్టాండ్ల మీద పెట్టాలని చూస్తే నడుమైనా పడుతుంది, రోలైనా పడుతుంది. ఇద్దరు ఉండాల్సిందే. కుర్చీ మీదో స్టూలు మీదో ఎక్కకండి, నిచ్చెన వేసుకోండి. నేల మీద పరిచిన పేపర్ నున్నగా ఉంటుంది, యాక్రిలిక్ షీట్ అయితే మరీ, దాని మీద నీటి చుక్క పడితే ఇక చెప్పక్కర్లేదు. మూల లేకుండా వంపు తిప్పిన తెల్ల గోడ ఉన్న స్టూడియో అయితే, అక్కడ నేల ఎక్కడ ఆగి గోడ ఎక్కడ మొదలైందో కంటికి తెలియదు, వెనక్కి నడిచే మోడల్ మడమ ఒక్కసారిగా వంపు ఎక్కి పడిపోతుంది. కెమెరాకి కనిపించని చోట చిన్న టేప్ ముక్క అతికించి, ఇంతకన్నా వెనక్కి వద్దని ముందే చూపించండి.

పదకొండు మంది అన్నారు కాబట్టి ఇంకొకటి. బయటికి వెళ్లే దారి ముందు బ్యాక్‌డ్రాప్ కట్టేయడం నేను ఎన్ని స్టూడియోల్లో చూశానో. తలుపు కనిపించాలి, తెరుచుకోవాలి. హెయిర్ స్ప్రే మంటని ఇట్టే పట్టుకుంటుంది కాబట్టి మేకప్ టేబుల్ వేడి లైట్లకి దూరంగా ఉండాలి. ఒకరికి వాడిన మస్కారా బ్రష్ ఇంకొకరి కంటికి వాడకూడదని మేకప్ వాళ్లతో ముందే మాట్లాడండి. బట్టలు మార్చుకునే గదికి లోపల గడియ ఉండాలి, ఇది కూడా భద్రతే, కాగితంలో రాయాల్సిందే. స్టూడియో పూర్తి అడ్రస్, అత్యవసర నంబరు పెద్ద అక్షరాలతో గోడ మీద అతికించండి, కంగారులో మన అడ్రసే మనకి గుర్తు రాదు.

చివరగా, ఆ రోజు పొద్దున అందరూ వచ్చాక ఐదు నిమిషాలు నిలబెట్టి ఇవన్నీ నోటితో చెప్పండి. ఎవరు 'ఆగండి' అన్నా అందరూ ఆగాలని కూడా అప్పుడే చెప్పండి. లైటు జరిగినా, ఫ్యాన్ వచ్చినా, ఇంకో మనిషి సెట్‌లోకి వచ్చినా ఒక్క నిమిషం ఆగి చూసి, కాగితం మీద పక్కన ఒక ముక్క రాసి, అప్పుడు మొదలుపెట్టండి.

ప్రశ్న: మా స్టూడియోలో లైటు స్టాండ్ ముట్టుకుంటే అప్పుడప్పుడు చిన్నగా జిల్లుమంటుంది. పాత లైట్లకి అది మామూలేనని సీనియర్లు అంటున్నారు. నిజమేనా అండీ?

జవాబు: మామూలు కాదు. ఇది చదువుతున్న రోజే ఆ లైటు ప్లగ్ తీసి, మీద 'వాడకూడదు' అని కాగితం అంటించండి. లోహపు భాగంలోకి కరెంటు వస్తోందంటే లోపల ఇన్సులేషన్ దెబ్బతిని ఉండొచ్చు, లేదా ఎర్తింగ్ పనిచేయడం లేదు, లేదా రెండూ. ఈరోజు పొడి చేత్తో ముట్టుకుంటే జిల్లుమన్నది, రేపు చెమట చేత్తో, చెప్పుల్లేని కాళ్లతో ముట్టుకుంటే మనిషిని పట్టేస్తుంది. మూడు పిన్నుల ప్లగ్‌లో ఎర్త్ పిన్ విరిచేసి రెండు పిన్నుల సాకెట్లో పెట్టడం చాలాచోట్ల జరుగుతుంది, ముందు అది ఉందేమో చూడండి. మిగతాది ఎలక్ట్రీషియన్ పని.

ఎం.సీ.బీ. (కరెంటు మరీ ఎక్కువైతే ఆపేసే స్విచ్) ఉంది కదా అనుకోకండి. అది వైర్లు కాలిపోకుండా కాపాడుతుంది, మనిషిని కాపాడేంత తక్కువ కరెంటుకి అది పడిపోదు. మనిషి కోసం ఉండాల్సింది ఆర్‌సీసీబీ (కరెంటు దారి తప్పి లీకైతే వెంటనే ఆపేసే స్విచ్), 30 మిల్లీ ఆంపియర్లది. దాని మీద టెస్ట్ బటన్ ఉంటుంది, అప్పుడప్పుడు నొక్కి పడిపోతోందో లేదో చూడండి.

ఫ్లాష్ లైట్ల విషయంలో ఇంకో సంగతి తెలిసి ఉండాలి. స్ట్రోబ్ లోపల కెపాసిటర్లలో వందల వోల్టులు నిల్వ ఉంటాయి, ప్లగ్ తీసేసిన తర్వాత కూడా కొంతసేపు ఉంటాయి. అందుకే పేలని ఫ్లాష్‌ని స్క్రూడ్రైవర్‌తో విప్పి చూద్దాం అనుకోవడం ప్రాణం మీదకి తెచ్చుకోవడమే. ట్యూబ్ మార్చాలన్నా ఆపేసి, ప్లగ్ తీసి, కంపెనీ పుస్తకంలో చెప్పినంతసేపు ఆగి మార్చండి.

లోడ్ లెక్క కూడా ఒకసారి వేసుకోండి, తేలికే. వాట్లని వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. 230 వోల్టుల సరఫరా మీద 1000 వాట్ల లైటు 4.3 ఆంపియర్ల దాకా లాగుతుంది, 110 వోల్టులైతే 9 ఆంపియర్లు దాటుతుంది. ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్స్‌కి రెండు లైట్లు, ఫ్యాన్, ఇస్త్రీ పెట్టె, హెయిర్ డ్రయర్ తగిలిస్తే ఏమవుతుందో మీరే కూడి చూడండి. బాక్స్‌లోంచి ఇంకో బాక్స్ లాగకూడదు. చుట్టగా ఉండే కేబుల్ రీల్ అయితే వాడేముందు వైరంతా బయటికి తీయాలి, చుట్ట లోపల వేడి బయటికి పోలేక వైరు మెత్తబడి కాలిపోతుంది.

ఎవరికైనా షాక్ కొడితే వాళ్లని ముట్టుకోకండి. ముందు మెయిన్ ఆపండి, ఆ తర్వాతే మనిషి దగ్గరికి వెళ్లండి. లైటు తగిలి కాలితే చల్లటి కుళాయి నీళ్ల కింద 20 నిమిషాలు ఉంచాలి, ఐసు, టూత్‌పేస్టు పెట్టకూడదు.

ప్రశ్న: మా దగ్గర పాత హాలోజన్ లైట్లున్నాయి. ఎల్‌ఈడీలకి మారాలా?

జవాబు: వీలైతే మారండి, వేడి ఒక్కటే చాలు కారణం. హాలోజన్ బల్బు గాజు 250 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కితేనే అది సరిగ్గా పనిచేస్తుంది, అలా తయారుచేశారు దాన్ని. ఫిల్టర్ కాగితం, సాఫ్ట్‌బాక్స్ గుడ్డ, కర్టెన్, ఏది ఆనుకున్నా కాలుతుంది. మారేదాకా వాడాల్సి వస్తే బల్బుని వట్టి వేళ్లతో పట్టుకోకండి, చేతి జిడ్డు అంటిన చోట గాజు బలహీనపడి పగలొచ్చు. షూట్ అయ్యాక చల్లారేదాకా లైట్లు మడవకండి.

ప్రశ్న: మా రెండు వారాల పాపకి ఫోటోలు తీయిద్దామనుకుంటున్నాం. గడ్డం కింద రెండు చేతులు పెట్టుకుని తల ఎత్తి పడుకున్న ఫోటో చూశాం, చాలా ముద్దుగా ఉంది. అలా తీయడం ప్రమాదమా?

జవాబు: మీరు చూసిన ఫోటో ఒక ఫోటో కాదమ్మా. పద్ధతిగా తీసేవాళ్లు దాన్ని రెండుగా తీస్తారు. ఒకదాంట్లో పెద్దవాళ్ల చెయ్యి పాప తలని పట్టుకుని ఉంటుంది, రెండోదాంట్లో మణికట్లని పట్టుకుని ఉంటుంది, తర్వాత కంప్యూటర్లో రెండూ కలిపి ఆ చేతులు చెరిపేస్తారు. రెండు వారాల పాపకి మెడ నిలవదు, తన తల తాను మోయలేదు. మీ ఫోటోగ్రాఫర్‌ని ఈ ఒక్క ప్రశ్న అడగండి, 'ఈ పోజు ఎలా తీస్తారు?' అని. రెండు ఫోటోలు కలుపుతామని చెప్తే సంతోషం. 'ఒక్క క్షణమేగా, నిలబడుతుంది' అంటే మీ పాపని ఎత్తుకుని వచ్చేయండి.

మిగతా జాగ్రత్తలు కూడా మీరు గమనించగలిగేవే. పాపకి చేయి అందేంత దగ్గరలో ఎప్పుడూ ఒకరుండాలి, ఆ మనిషికి ఇంకే పనీ ఉండకూడదు. బుట్టలాంటివాటిలో పడుకోబెడితే దాని అడుగున బరువు ఉండాలి, నేల మీదే ఉండాలి, గాజు వస్తువులు అసలు వద్దు. గడ్డం ఛాతీకి ఆనుకుపోయేలా మడిస్తే ఊపిరి అడ్డుపడుతుంది. కాళ్లూ చేతులూ రంగు మారుతున్నాయంటే ఆ పోజు వెంటనే విప్పేయాలి. అంత చిన్నపిల్లలు ఒంటి వేడిని సరిగ్గా అదుపు చేసుకోలేరు, అందుకే గది వెచ్చగా ఉండాలి, హీటర్ మాత్రం నేరుగా పాప మీదకి ఉండకూడదు. పాప తల మీద బూమ్ లైటు వద్దు. జలుబు, దగ్గు ఉన్నవాళ్లెవరూ ఆ రోజు రాకూడదు, ఫోటోగ్రాఫర్‌కే ఉంటే షూట్ వాయిదా వేయాలి. ఫ్లాష్ వల్ల పిల్లల చూపు పోతుందని చాలామంది భయపడతారు, దానికి రుజువేమీ లేదు, మెత్తగా పరుచుకునే వెలుగైతే చాలు. పాప ఏడిస్తే ఆపేయండి. ఇంకో రోజు తీసుకోవచ్చు.

ప్రశ్న: డాన్సర్లతో రంగుల పొడి చల్లుతూ షూట్ చేయాలని ప్లాన్. ఇంకో సెట్‌కి డ్రై ఐస్ పొగ కూడా అనుకుంటున్నాం. ఏం చూసుకోవాలి?

జవాబు: పొడి గురించి అడిగినందుకు చాలా మంచి పని చేశారు, ఎందుకంటే అది మండుతుందన్న ఊహే చాలామందికి రాదు. కుప్పగా ఉన్న మొక్కజొన్న పిండికి అగ్గిపుల్ల పెడితే అంత తేలిగ్గా అంటుకోదు. అదే పిండి గాలిలో మేఘంలా లేచినప్పుడు ప్రతి రేణువు చుట్టూ గాలి ఉంటుంది, ఒక్కటి అంటుకుంటే క్షణంలో మేఘమంతా మంటవుతుంది. 2015 జూన్ 27న తైవాన్‌లోని ఒక వాటర్ పార్కులో రంగుల పొడి చల్లిన పార్టీలో జరిగింది ఇదే. 15 మంది చనిపోయారు, వందల మందికి ఒళ్లు కాలింది. స్టేజి మీది వేడి లైటుకి పొడి తగిలి మంట పుట్టిందని దర్యాప్తులో తేలింది. అక్కడున్నది వేడి లైటు, గాలిలో పిండి. మీ స్టూడియోలోనూ ఆ రెండే ఉంటాయి, పైగా తలుపులేసిన గది.

కాబట్టి మూసిన గదిలో, అందులోనూ వేడి లైట్ల దగ్గర, గుంపుగా చల్లే ఆలోచన మానేయమనే నా సలహా. పొడి ఎగిరే ఫ్రేములు ఆరుబయట, మంట, సిగరెట్, వేడి లైటు ఏమీ లేని చోట, కొద్దికొద్దిగా ఒకరి చేతిలోంచి చల్లి విడివిడిగా తీసుకుని తర్వాత కలుపుకోవచ్చు. అక్కడ కూడా కళ్లకి, ఊపిరితిత్తులకి పొడి మంచిది కాదు, ఉబ్బసం ఉన్న డాన్సర్‌ని ఆ షాట్‌లోంచి తప్పించండి. చరిత్రలో మన పనికే అంటుకుని ఉన్న ప్రమాదం ఇది. 1887లో జర్మనీలో మెగ్నీషియం పొడికి పొటాషియం క్లోరేట్ కలిపి ఫ్లాష్ పౌడర్ తయారుచేశాక, దాన్ని కలుపుతూనో వెలిగిస్తూనో ఎంతోమంది ఫోటోగ్రాఫర్లు కాలారు, కొందరు చనిపోయారు.

డ్రై ఐస్ విషయానికొస్తే, అది గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్, మైనస్ 78 డిగ్రీల దగ్గర ఉంటుంది, వట్టి చేత్తో పట్టుకుంటే చర్మం కాలినట్టే దెబ్బతింటుంది. మందపాటి గ్లౌజులు కావాలి. అయితే అంతకన్నా పెద్ద ప్రమాదం కంటికి కనిపించదు. ఒక కిలో డ్రై ఐస్ కరిగితే 540 లీటర్ల దాకా గ్యాస్ అవుతుంది, అది గాలికన్నా బరువు కాబట్టి కిందే పరుచుకుంటుంది. నిలబడి కెమెరా పట్టుకున్న మీకు ఏమీ అనిపించదు, ఆ పొగలో పడుకున్న మోడల్‌కి ఊపిరి అందదు. పడుకునే షాట్లకి డ్రై ఐస్ వాడకండి. మిగతా షాట్లకి కిటికీలు తెరిచి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి, కొంచెమే వాడి, మధ్యమధ్యలో అందరూ బయటికి వెళ్లి రావాలి. మిగిలినదాన్ని గట్టి మూత ఉన్న డబ్బాలో పెడితే పేలుతుంది. కారులో అద్దాలు మూసి తీసుకురాకండి.

పొగ మెషీన్ పెడితే ఫైర్ అలారం మోగుతుందని దాన్ని ప్లాస్టిక్ కవర్‌తో కప్పేస్తారు కొందరు. భవనం వాళ్లతో మాట్లాడకుండా ఆ పని అసలు చేయొద్దు. రంగు పొగ వదిలే బాంబులైతే గది లోపల వద్దే వద్దు.

ప్రశ్న: మూర్ఛ ఉన్న మోడల్‌తో ఫ్లాష్ వాడి షూట్ చేయొచ్చా?

జవాబు: మూర్ఛ ఉన్నవాళ్లందరికీ వెలుగు వల్ల రాదు, నూటికి ముగ్గురి దాకా మాత్రమే అలా వస్తుంది. వాళ్లకి ముఖ్యంగా ఇబ్బంది పెట్టేది సెకనుకి 3 నుంచి 30 సార్లు మెరిసే వెలుగు. అంటే వరసగా టపటపా పేలే బరస్ట్ షాట్లు, స్ట్రోబ్ ఎఫెక్టులు. ఆమెనే అడగండి, డాక్టర్ ఏమన్నారో కనుక్కోమనండి. అనుమానం ఉంటే ఫ్లాష్ మానేసి, మిణుకుమనకుండా నిలకడగా వెలిగే లైట్లతో తీయండి. ఈ ప్రశ్న బుకింగ్ అప్పుడే అందర్నీ అడగాలి, సెట్ మీద పదిమంది ముందు అడిగితే ఎవరూ నిజం చెప్పరు.

ప్రశ్న: నేను అసిస్టెంట్‌ని, వయసు ఇరవై. స్టాండ్ వంగి ఉందనో వైరు తెగి ఉందనో చెప్తే మా సార్ 'ఇంకొక్క షాట్, తర్వాత చూద్దాం' అంటారు. క్లయింట్ ముందు ఎక్కువ మాట్లాడితే ఉద్యోగం పోతుందని టెన్షన్. ఏం చేయాలి అక్కా?

జవాబు: తమ్ముడూ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మణికట్టు విరిగిన మా కుర్రాడికి కూడా అప్పుడు నీ వయసే. ఆ రోజు బూమ్ తిప్పేటప్పుడు 'సంచి మార్చాలేమో మేడమ్' అని అతను అన్నాడట, మ్యూజిక్ గట్టిగా ఉండి నాకు వినబడలేదు. వినబడేదాకా చెప్పడానికి అతనికి జంకు. ఆ జంకు నా వల్లే వచ్చింది, అది నేను సరిచేసుకోవాల్సిన విషయం, అతను కాదు.

మీ సార్‌తో షూట్ మధ్యలో వాదన పెట్టుకోకు. షూట్ లేని రోజు చూసి, 'సార్, సెట్‌లో నాకేదైనా కనిపిస్తే మీకెలా చెప్పమంటారు?' అని అడుగు. క్లయింట్‌కి అర్థం కాకుండా ఒక మాట పెట్టుకోండి. నేను ఇప్పుడు మా వాళ్లతో 'బ్యాటరీ చూడాలి' అనే మాట పెట్టుకున్నాను, అది ఎవరన్నా నేను కెమెరా దించేస్తాను, ఎందుకని అడగను. చాలామంది సార్లకి ఇలా చెప్తే కోపం రాదు, క్లయింట్ ముందు పరువు పోవడమే వాళ్ల బాధ. చెప్పేటప్పుడు కూడా 'ఇది డేంజర్' అని ఊరుకోకుండా, ఏం చేస్తే సరిపోతుందో, ఎంతసేపు పడుతుందో కలిపి చెప్పు. 'సంచి ఈ కాలు మీదకి మారుస్తాను సార్, అర నిమిషం' అంటే కాదనేవాళ్లు తక్కువ.

వైరు తెగి ఉంటే అది వేరే సంగతి. దానికి అనుమతి అడగక్కర్లేదు, ప్లగ్ తీసేసి ఆ తర్వాత చెప్పు. అలాగే పడిపోతున్న లైటుకి చెయ్యి అడ్డం పెట్టకు, గట్టిగా అరిచి పక్కకి తప్పుకో, లైటు మళ్లీ కొనుక్కోవచ్చు. చిన్న నోట్‌బుక్ ఒకటి పెట్టుకుని ఏ రోజు ఏది కనిపించింది, ఎవరికి చెప్పావు, ఏం చేశారు అని రాసుకుంటూ ఉండు. నెల రోజుల తర్వాత ఒకే విషయం నాలుగుసార్లు రాసి ఉందనుకో, ఆ పేజీ మీ సార్ ముందు పెట్టు. అప్పటికీ 'ఇంకొక్క షాట్' అనే అంటే, వేరే స్టూడియో వెతుక్కో. వెతుక్కునేటప్పుడు వాళ్ల కెమెరాలు కాదు, ముందు వాళ్ల స్టాండ్ల కాళ్ల దగ్గర ఇసుక సంచులున్నాయో లేదో చూడు.